ధరణికోట గట్టు మీద ఇరవై నిమిషాలు

తెల్లవారుజామున లేచి వాకిలి ఊడ్చి కల్లాపి చల్లేటప్పుడు మీరెప్పుడైనా తలెత్తి తూర్పు వైపు చూశారా? నేనైతే ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కసారీ చూడలేదు. చీపురు, బకెట్టు, ముగ్గు గిన్నె, లోపల పొయ్యి మీద పాలు... వీటి మధ్య నా చూపు ఎప్పుడూ నేల మీదే. 2024 అక్టోబరు 2న, మహాలయ అమావాస్య నాడు, ధరణికోటలో ఒక పాత మట్టిగట్టు మీద నిలబడి తోకచుక్కని చూశాక, ఇన్నాళ్ళూ ఎంత పోగొట్టుకున్నానా అనిపించింది. ఆ ముచ్చట మీతో చెప్పుకుందామనే ఈ నాలుగు మాటలూ.

మాది నరసరావుపేట. మామగారు పోయిన దగ్గర్నుంచి ఏటా మహాలయ అమావాస్యకి మావారు అమరావతిలో కృష్ణ ఒడ్డున తర్పణాలు వదులుతారు. మావారి అక్కయ్య గారిది పక్కనే ఉన్న ధరణికోట. అందుకని ముందు రోజు సాయంత్రమే సత్తెనపల్లి మీదుగా బయల్దేరి వదిన వాళ్ళింట్లో దిగుతాం. ఆ ఏడు మాతో మా అత్తగారు, ఇంటర్ చదివే మా అమ్మాయి కూడా వచ్చారు.

ఏ అమరావతి?

అమరావతి అనగానే ఇప్పుడు అందరికీ రాజధాని గుర్తుకొస్తుంది. రాజధాని ప్రాంతం ఇక్కడికి తూర్పున, తుళ్ళూరు, వెలగపూడి వైపు ఉంది. అది గుంటూరు జిల్లా. అమరేశ్వరుడి గుడి, పాత బౌద్ధ స్తూపం ఉన్న అసలు అమరావతి, దానికి పడమటి పక్కన ఆనుకునే ఉన్న ధరణికోట మాత్రం 2022 ఏప్రిల్‌లో ఏర్పడ్డ మా పల్నాడు జిల్లాలోకి వచ్చాయి. పేరు ఊరిది, హోదా పక్క ఊళ్ళది అని మా వదిన నవ్వుతుంటుంది.

ధరణికోట పాత పేరు ధాన్యకటకం. శాతవాహనుల నాడు పెద్ద పట్నం. ఏడో శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యూయాన్‌త్సాంగ్ కూడా ఇక్కడికి వచ్చాడు. 1960ల మొదట్లో పురావస్తు శాఖ వాళ్ళు తవ్వితే పడవలు వచ్చే కాలువ ఒకటి, దాని ఒడ్డున మొదట కొయ్యతో, ఆ తర్వాత ఇటుకలతో కట్టిన రేవు బయటపడ్డాయి. అంత వైభవం వెలిగిన చోట ఇప్పుడు కోట అంటే రాతి గోడలు, బురుజులు ఉంటాయనుకునేరు! మట్టిగట్లు, వాటి మీద తుమ్మచెట్లు, అక్కడక్కడ మన ఇటుకల కంటే బాగా పెద్దవైన పాత ఇటుకల ముక్కలు. అంతే. మేకలు మేస్తుంటాయి.

ఆకాశానికీ ఈ ఊరికీ ఒక పాత చుట్టరికం ఉందని నాకు అక్కడే తెలిసింది. బుద్ధుడు కాలచక్రాన్ని ధాన్యకటకంలోనే బోధించాడని టిబెట్ బౌద్ధుల నమ్మకం. అందుకే 2006 జనవరిలో దలైలామా అమరావతికి వచ్చి కాలచక్ర ఉత్సవం జరిపారు. ఆ కాలచక్రంలో గ్రహగతుల లెక్కలు కూడా ఉంటాయట. అందులో తోకచుక్కని కూడా గ్రహాల వరసలోనే చేర్చి లెక్కపెట్టారట!

రాత్రి జరిగిన వాదన

అన్నాలు తింటుంటే వదిన కొడుకు మెల్లగా కదిపాడు.

"అత్తా, రేపు తెల్లవారుజామున నాలుగింటికి లేస్తారా? కోట గట్టు మీదికి వెళ్దాం. తోకచుక్క కనిపిస్తోంది. మా సైన్సు మాస్టారు, గుంటూరు నుంచి ఇద్దరు ఫొటోలు తీసేవాళ్ళు వస్తున్నారు. సోమవారం మబ్బు పట్టింది. ఇవాళ అయిదు నిమిషాలు కనిపించింది."

మా అమ్మాయి కళ్ళు మెరిశాయి. మా అత్తగారు మాత్రం చేతిలో ముద్ద అలాగే పెట్టుకుని ఆగిపోయారు.

"అమావాస్య నాడు, పెద్దలకి నీళ్ళు వదిలే రోజు, నిద్ర లేస్తూనే తోకచుక్క మొహం చూస్తారట్రా? అదీ ఆడపిల్లని తీసుకుని! నెల కిందటేగా కృష్ణ పొంగి అంత పని చేసింది. చాల్లేదా?"

ఆవిడ భయం ఊరికే వచ్చింది కాదు. సెప్టెంబరు 2న విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల నీళ్ళు వెళ్ళాయి. బ్యారేజీ కట్టాక అంత వరద ఎప్పుడూ రాలేదన్నారు. అప్పటి మాటలు ఇంకా ఎవరి నోటా ఆగలేదు.

"అమ్మమ్మా, వరద వచ్చింది ఎగువన కురిసిన వానలకి. తోకచుక్క మనకి ఎంత దగ్గరగా వచ్చినా ఏడు కోట్ల కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది. చందమామ కంటే నూట ఎనభై రెట్లు దూరం. అది అక్కణ్ణించి కృష్ణలో నీళ్ళు ఎలా పోస్తుంది?" అన్నాడు వాడు.

"మాకూ చెప్పార్లే. మా చిన్నప్పుడు తోకచుక్క వచ్చిన ఏడే యుద్ధం జరిగింది. సంక్రాంతి రాకముందే శాస్త్రిగారు పోయారు" అన్నారావిడ.

అది 1965 నాటి మాట. ఆ ఏడు సెప్టెంబరులో జపాన్‌లో ఇకెయా, సెకీ అనే ఇద్దరు కనిపెట్టిన తోకచుక్క అక్టోబరు చివర్లో తెల్లవారుజామున పొడుగాటి తోకతో కనిపించింది. పాకిస్తాన్‌తో యుద్ధం ఆగస్టులోనే మొదలైంది, సెప్టెంబరు 23న ఆగింది. లాల్ బహదూర్ శాస్త్రిగారు 1966 జనవరి 11న తాష్కెంట్‌లో కన్నుమూశారు. యుద్ధం అయిపోయాక కనిపించిన తోకచుక్క యుద్ధాన్ని ఎలా తెస్తుందని మా అమ్మాయి పాయింటు తీసింది. కానీ నా మనసు వేరే దగ్గర ఆగింది.

"అయితే అత్తయ్యా, మీరు చూశారా దాన్ని?" అని అడిగాను.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. "నేనెక్కడ చూశాను? మా నాన్న అన్నయ్యలిద్దర్నీ లేపి చెరువు కట్ట మీదికి తీసుకెళ్ళాడు. నేనూ లేచే ఉన్నాను, వాకిట్లో కల్లాపి చల్లుతున్నాను. నేనూ వస్తానంటే ఆడపిల్లలు చూడకూడదన్నాడు. వాళ్ళు వచ్చి వారం రోజులు అదే చెప్పుకున్నారు. ఈతాకు చీపురంత ఉందన్నారు. నాకప్పుడు పన్నెండేళ్ళు."

ఇంట్లో ఎవరమూ మాట్లాడలేదు. మావారు తలొంచుకుని మజ్జిగ పోసుకున్నారు. నాకు ఒకటే అనిపించింది. అరిష్టం అన్న మాట మగపిల్లలకి అడ్డం రాలేదు, చెరువు కట్ట దాకా నడిచి వెళ్ళింది. ఆడపిల్లకి మాత్రం వాకిట్లోనే ఆగిపోయింది. అరవై ఏళ్ళ తర్వాత అదే మాట మా అమ్మాయి దాకా వచ్చింది. దాన్ని నేను ఇక్కడ ఆపకపోతే ఇంకెవరు ఆపుతారు?

"అమ్మాయిని నేను తీసుకెళ్తానత్తయ్యా. మడి పనికి ఆరింటికల్లా వచ్చేస్తాం" అన్నాను. పెళ్ళయ్యాక ఆవిడ మాటకి ఎదురు చెప్పడం నాకు అలవాటు లేదు. గుండె దడదడలాడింది. ఆవిడ ఔననలేదు, కాదనలేదు.

గట్టు మీద

నాలుగింటికి లేచి మొహాలు కడుక్కుని బయటికొచ్చేసరికి మా అత్తగారు శాలువా కప్పుకుని గుమ్మంలో కూర్చుని ఉన్నారు. "చీకట్లో పిల్లని వేసుకుని ఒక్కదానివే పోతావా? నేనూ వస్తున్నా. కింద కూర్చుంటా. నేను చూడను" అన్నారు. సరేనన్నాం.

వానలు పడి గట్టంతా గడ్డి పెరిగింది. మా మేనల్లుడు కర్రతో కొట్టుకుంటూ ముందు నడిచాడు. టార్చిలైటుకి ఎర్ర రంగు కాగితం చుట్టాడు. తెల్లటి వెలుగు ఒకసారి కళ్ళలో పడితే మళ్ళీ చీకటికి అలవాటు పడడానికి చాలాసేపు పడుతుందట. అత్తగారు గట్టు కింద ఒక రాయి మీద కూర్చున్నారు. మేం పైకెక్కాం.

పైన మాస్టారు, నలుగురు పిల్లలు, ఫొటోల వాళ్ళిద్దరూ ఉన్నారు. పెద్ద టెలిస్కోపు ఉంటుందనుకున్నాను. లేదు. రెండు బైనాక్యులర్లు, రెండు కెమెరా స్టాండ్లు, ఒక ఫ్లాస్కు టీ. నెత్తి మీద గురుగ్రహం ధగధగా మెరుస్తోంది. పిల్లలకోడి పడమటికి వాలింది. వేగుచుక్క ఏదీ అని వెతికాను. ఆ రోజుల్లో అది సాయంత్రం పూట పడమట కనిపిస్తోందట. వేగుచుక్క అంటే ఎప్పుడూ పొద్దున్నే ఉంటుందని ఇన్నాళ్ళూ అనుకున్నాను!

తూర్పున అమరావతి వీధిదీపాల వెలుగు. ఆ పైన సన్నగా మంచు పొర. మాస్టారు ఒక తాటిచెట్టు చూపించి, నిన్న దాని కుడిపక్కన కనిపించిందన్నారు. ఇవాళ కూడా ఇంచుమించు అక్కడే, కాకపోతే నిన్నటి కంటే కొద్ది నిమిషాలు ఆలస్యంగా పైకొస్తుందట. అది రోజు రోజుకీ సూర్యుడి వైపు జరిగిపోతోంది. ఇంకో రెండు మూడు రోజులైతే వెలుగులో కలిసిపోతుంది.

"మరి అర్ధరాత్రి చీకట్లో హాయిగా చూడొచ్చు కదా, ఈ తెల్లారగట్ల తిప్పలెందుకు?" అని అడిగాను. అందరూ అడిగే ప్రశ్నే అట. మాస్టారు విసుక్కోకుండా చెప్పారు.

తోకచుక్క అంటే మంచు, దుమ్ము కలిసి గడ్డకట్టిన ముద్ద. సూర్యుడికి దూరంగా ఉన్నంతకాలం దానికి తోకా ఉండదు, వెలుగూ ఉండదు. దగ్గరికి వచ్చేకొద్దీ వేడికి మంచు ఆవిరై, దుమ్ముని వెంటబెట్టుకుని బయటికొస్తుంది. సూర్యుడి వెలుగు, సూర్యుడి నుంచి వచ్చే గాలి దాన్ని వెనక్కి తోస్తాయి. అదే తోక. సాంబ్రాణి పొగకి ఎదురుగా విసనకర్ర ఊపితే పొగ అవతలికి పోతుంది చూడండి, అలాగన్నమాట. అందుకే తోక ఎప్పుడూ సూర్యుడికి అవతలి వైపుకే ఉంటుంది. ఈ తోకచుక్క సెప్టెంబరు 27న సూర్యుడికి బాగా దగ్గరగా, సుమారు 5.9 కోట్ల కిలోమీటర్ల దూరానికి వచ్చింది. అంటే బాగా వెలిగే రోజులు ఇవే. కానీ వెలగడానికి సూర్యుడి దగ్గరికి వెళ్ళాలి, దగ్గరికి వెళితే సూర్యుడితో పాటే ఉదయిస్తుంది, ఆయనకి గంటా పావు ముందు మాత్రమే. అర్ధరాత్రి అది నేల కిందే ఉంటుంది.

నాకు మా వంటింటి కిటికీ గుర్తుకొచ్చింది. పొద్దున ఎండ నేరుగా పొయ్యి మీద పడితే గ్యాసు మంట వెలుగుతోందో లేదో తెలియదు. చెయ్యి దగ్గర పెట్టి చూసుకోవాలి. మంట తగ్గిందని కాదు, వెనక వెలుగు ఎక్కువైందని. ఇదీ అంతే. తోకచుక్క నేల అంచున ఉన్నప్పుడు మంచు, దుమ్ము అడ్డం. కాస్త పైకొచ్చేసరికి వెనక తెల్లవారిపోతుంది. ఆ రెండింటికీ మధ్య ఒక ఇరవై నిమిషాలు. పాలు పొయ్యి మీద పెట్టి కనిపెట్టుకుని ఉన్నట్టు ఉండాలి. తల తిప్పామా, అయిపోయింది.

కనిపించింది

నాలుగూ ముప్పావు. ఏమీ లేదు. అయిదు. ఇంకా ఏమీ లేదు. గుడి మైకులో సుప్రభాతం మొదలైంది. తూర్పు అంచు బూడిద రంగు తిరిగింది. ఇక కనబడదేమో, అనవసరంగా అత్తగారి మాట కాదన్నానేమో అనుకుంటున్నాను. అయిదూ అయిదుకో ఎప్పుడో ఒక ఫొటో అబ్బాయి, "వచ్చింది... కెమెరాలో తోక వచ్చింది!" అన్నాడు. మాస్టారు బైనాక్యులర్ తాటిచెట్టు మీంచి మెల్లగా పక్కకి జరుపుతూ ఒక చోట ఆపి, కదపకుండా మా అమ్మాయి చేతికిచ్చారు.

"అమ్మా!" అంది అది. ఇంకో మాట లేదు.

తర్వాత నా వంతు. మొదట అంతా మసకగా ఉంది. నడిమి చక్రం తిప్పాను. మంచు పొర పైన ఒక చిన్న చుక్క. సూదిమొనలా కాదు, తడి కాగితం మీద పడ్డ ముగ్గు రవ్వలా అంచులు కరిగి ఉంది. దాన్నించి పైకి, కాస్త కుడివైపుకి ఒరిగి, పొగలాంటి తెల్లటి గీత. ఎక్కడ మొదలైందో తెలుస్తోంది, ఎక్కడ ఆగిందో తెలియడం లేదు. బైనాక్యులర్ దించి మామూలు కళ్ళతో చూశాను. మొదట కనిపించలేదు. నేరుగా కాకుండా కొంచెం పక్కకి చూడమన్నారు. అప్పుడు ఒక నలుసులా తోచింది. చోటు తెలియకపోతే వెయ్యిసార్లు చూసినా తెలియదు. పేపర్లో వేసే ఫొటోలు చూసి ఆకాశమంతా తోక పరచుకుని ఉంటుందనుకోకండి. నిజానికి ఇంతే ఉంటుంది. కానీ ఈ ఇంతలోనే నాకు ఒళ్ళు జలదరించింది.

టైము చూస్తే అయిదూ పన్నెండు. చప్పున గట్టు దిగాను.

"అత్తయ్యా, లేవండి. ఇంకో పది నిమిషాలే ఉంటుంది."

"నాకెందుకమ్మా" అన్నారు. అంటూనే చెయ్యి చాచారు. మోకాళ్ళ నొప్పులు, జారే గడ్డి. మేనల్లుడొక పక్క, నేనొక పక్క పట్టుకుని ఎక్కించాం. మాస్టారు బైనాక్యులర్ని కెమెరా స్టాండు మీద కట్టి ఎత్తు సరిచేశారు. శుక్లం ఆపరేషన్ అయిన కన్ను ఆనించి చూశారావిడ. చాలాసేపు చూశారు. పిల్లలు కూడా మాట్లాడకుండా నిలబడ్డారు.

కన్ను తీసి, "ఇంతేనా?" అన్నారు.

"ఇంతే అమ్మమ్మా."

"దీనికా నన్ను ఇంట్లో ఉంచేసింది!"

కోపమో నవ్వో నాకు తెలియలేదు. మళ్ళీ వంగి ఇంకోసారి చూశారు. అయిదున్నరకల్లా తూర్పంతా తెల్లబడి గీత మాయమైంది. చుక్క ఇంకో నిమిషం ఆగి అదీ పోయింది. గట్టు దిగుతూ, "మా పెద్దన్నయ్య ఉంటే చెప్పేదాన్ని" అన్నారు. అన్నయ్య పోయి చాలా ఏళ్ళయింది.

ఆ రోజు మావారు కృష్ణలో తర్పణాలు వదిలి వచ్చారు. గారెలు, పరమాన్నం వండాం. మా అత్తగారు వంట చేస్తూ వచ్చినవాళ్ళందరికీ తోకచుక్క ఎలా ఉందో చెప్పారు. మూడో మనిషికి చెప్పేసరికి తోక కొంచెం పొడుగైంది కూడా!

కనిపెట్టేది ఎవరు?

ఈ తోకచుక్క పేరు త్సుచిన్‌షాన్-అట్లాస్. 2023 జనవరి 9న చైనాలోని త్సుచిన్‌షాన్ పరిశోధనశాలలోనూ, ఫిబ్రవరి 22న దక్షిణాఫ్రికాలోని అట్లాస్ టెలిస్కోపులోనూ విడివిడిగా కనబడింది. అందుకే రెండు పేర్లు. అంతకు ముందు దాని సంగతే ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఎక్కువగా పెద్ద పెద్ద యంత్రాలే కనిపెడుతున్నాయి. అయినా ఈ సూర్యుడి పక్కన వెలుగులో మాత్రం మామూలు మనుషులకి ఇంకా చోటుంది. 2023 ఆగస్టులో నిషిమురా అనే జపాన్ ఆయన తెల్లవారుజామున మామూలు కెమెరాతో ఫొటోలు తీసి కొత్త తోకచుక్కని పట్టుకున్నారు. మా అత్తగారికి దక్కని ఆ 1965 తోకచుక్కని కనిపెట్టిన వారిలో ఒకరైన ఇకెయా పియానోల ఫ్యాక్టరీలో పనివాడు.

ఆడవాళ్ళ సంగతి చెబితే మీరు ఆశ్చర్యపోతారు. ఇంగ్లండులో కరొలిన్ హెర్షెల్ అనే ఆవిడ అన్నగారికి ఇల్లు చూసిపెడుతూ, వంటా వార్పూ చూసుకుంటూ ఆకాశం చూడడం నేర్చుకుంది. 1786 నుంచి 1797 లోపల ఎనిమిది తోకచుక్కలు కనిపెట్టింది. రాజుగారు ఆవిడకి ఏడాదికి యాభై పౌన్ల జీతం ఇచ్చారు. అమెరికాలో కరొలిన్ షూమేకర్ ముగ్గురు పిల్లల్ని పెంచి, వాళ్ళు పెద్దవాళ్ళయ్యాక, యాభై దాటిన వయసులో ఈ పనిలోకి దిగింది. 32 తోకచుక్కలు కనిపెట్టింది. 1994 జూలైలో గురుగ్రహాన్ని ఢీకొన్న తోకచుక్క ముక్కలు గుర్తున్నాయా? దాన్ని కనిపెట్టిన ముగ్గురిలో ఆవిడ ఒకరు. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక మనకింకేం పని అనుకునేవాళ్ళకి ఈ మాట చెప్పండి.

మన దగ్గరా ఉన్నారు. హైదరాబాదులో పెరిగిన వేణు బప్పు 1949లో అమెరికాలో చదువుకుంటూ ఒక తోకచుక్కని కనిపెట్టారు. దానికి ఆయన పేరు కూడా కలిసింది. ఇక మా గుంటూరు సంగతి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడడానికి ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే శాస్త్రవేత్త పనిగట్టుకుని గుంటూరు వచ్చాడు. గ్రహణం వేళ సూర్యుడి అంచున లేచే ఎర్రటి మంటల్ని చూశాడు. తన పరికరంతో వాటిని గ్రహణం లేకపోయినా, మామూలు పగటి వెలుగులోనే పట్టుకోవచ్చని తెలుసుకుని, మర్నాడే గుంటూరులోనే మళ్ళీ చూశాడు. వెలుగులో దాగినదాన్ని వెతికి పట్టుకోవడం మా నేలకి కొత్త కాదన్నమాట!

మీరు వెళ్ళాలంటే

గుంటూరు నుంచి అమరావతికి ముప్పై అయిదు కిలోమీటర్ల లోపే. బస్సులు ఉన్నాయి. అక్కణ్ణించి ధరణికోటకి ఆటోలో కొద్ది నిమిషాలు. పంచారామాల్లో ఒకటైన అమరేశ్వరుణ్ణి, బాలచాముండికా అమ్మవారిని దర్శించుకోండి. లింగం ఎంత ఎత్తంటే అభిషేకం పై అంతస్తు నుంచి చేస్తారు. స్తూపం దగ్గర చక్కని మ్యూజియం ఉంది. శుక్రవారం సెలవు. 125 అడుగుల ధ్యానబుద్ధుడి విగ్రహం పిల్లలకి నచ్చుతుంది. కోట గట్టు మీదికి చీకట్లో వెళితే ఊరివాళ్ళని తోడు తీసుకోండి, చెప్పులు కాకుండా బూట్లు వేసుకోండి, వానాకాలం పురుగూ పుట్రా ఉంటాయి. పాత ఇటుకలు ఏరుకు తెచ్చుకోవద్దు. టిఫినుకి మేం ముందురోజు రాత్రి కాల్చిన దిబ్బరొట్టె, కారప్పొడి పట్టుకెళ్ళాం. పొద్దున్నకి కూడా మెత్తగానే ఉంది.

తోకచుక్క చూడడానికి ధరణికోటే రానక్కర్లేదు. తూర్పో పడమరో కింది దాకా అడ్డం లేని చోటు ఉంటే చాలు: డాబా, చెరువు కట్ట, పొలం గట్టు. ఈ నాలుగూ గుర్తుంచుకోండి.

ఒకటి, 7×50 లేదా 10×50 బైనాక్యులర్ చాలు. ముందు ఏదైనా నక్షత్రం మీద చక్రం తిప్పి స్పష్టంగా కనపడేలా చేసుకోండి.

రెండు, ముందు రోజే వెళ్ళి ఒక చెట్టో స్తంభమో గుర్తు పెట్టుకోండి.

మూడు, అనుకున్న టైముకి అరగంట ముందే అక్కడ ఉండండి. ఒక రోజు మబ్బు పడితే మర్నాడు మళ్ళీ వెళ్ళండి.

నాలుగు, అన్నిటికంటే ముఖ్యం. సూర్యుడు రావడానికి పావుగంట ముందే బైనాక్యులర్ మూసి పెట్టెలో పెట్టెయ్యండి. పొరపాటున అందులోంచి సూర్యుణ్ణి చూస్తే కళ్ళు పోతాయి. పిల్లల చేతికిచ్చినప్పుడు పక్కనే ఉండండి.

అదే తోకచుక్క అక్టోబరు 12 తర్వాత సాయంత్రం పడమట కూడా కనిపించింది. కానీ ఆ వారం బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి మాకు నరసరావుపేటలో మబ్బులు తప్ప ఏమీ దక్కలేదు. తెల్లవారుజామున ఆ ఇరవై నిమిషాలే మా వంతు. 2025 అక్టోబరులో, దీపావళి రోజుల్లో, లెమ్మన్ అనే ఇంకో కొత్త తోకచుక్క సాయంత్రం పూట వచ్చింది. దాన్ని ఆ ఏడు జనవరిలోనే కనిపెట్టారు. అంటే ఇవి ముందుగా ఉత్తరం రాసి రావు. ఎప్పుడైనా రావచ్చు.

ఒక్కటి ఆలోచించండి. తెల్లవారుజామున నాలుగున్నర నుంచి అయిదున్నర దాకా మన ఇళ్ళల్లో లేచి ఉండేది ఎవరు? ఇంటి బయట, ఆకాశం కింద నిలబడి ఉండేది ఎవరు? మనమే. ఆ వేళ మనది. కల్లాపి బకెట్టు ఒక్క నిమిషం కింద పెట్టి తలెత్తి చూస్తే పోయేదేమీ లేదు. ఇంట్లో ఆడపిల్ల ఉంటే దాన్నీ లేపండి.

మా అత్తగారు ఇప్పుడు రోజూ కల్లాపి అయ్యాక తూర్పు వైపు ఒకసారి చూసి గానీ లోపలికి రారు. "ఏమైనా ఉందా అత్తయ్యా?" అంటే, "ఇవాళ ఏం లేదు. రేపు చూద్దాం" అంటారు.